వెంట్రుకవాసి మాస్టారు

ప్రెస్సులో ఆయన్ని పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ వెంట్రుకవాసి మాస్టారే. "ఓ వెంట్రుకవాసి లోపలికి తినిపిస్తే సరి" అని రోజుకి పాతికసార్లయినా అంటాడు కాబట్టి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. పైగా మాస్టారి నెత్తిమీద దీపం పెట్టి వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు. "తలమీద లేనిది నోట్లో పెట్టుకు తిరుగుతున్నాను, ఏం చేస్తాం" అని ఎవరూ అనకముందే తనే అనేసి నవ్వేసేవాడు. ఎదుటివాళ్ళు వెక్కిరించేలోపు తనని తనే వెక్కిరించుకుంటే సగం బాధ తగ్గుతుందని ఆయన నమ్మకం. మిగతా సగం సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఇంతకీ తినిపించడమంటే ఏమిటో చెప్పాలి. రంగుల బొమ్మ అచ్చవ్వాలంటే కాగితం నాలుగుసార్లు నలగాలి. నీలం, ఎరుపు, పసుపు, నలుపు, ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూచుంటేనే బొమ్మ బొమ్మలా ఉంటుంది. కానీ కాగితం ఎవరి మాటా వినదు. తడి తగిలితే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, మెషీను లాగితే ఓ పక్కకి జరుగుతుంది. అలా జరిగిందంటే పసుపు చొక్కాకీ నీలం గోడకీ మధ్య నుంచి తెల్లగా ఓ గీత తొంగిచూస్తుంది. ఆ గీత పని ఇచ్చిన పార్టీ కంట పడిందా, ఇక ప్రెస్సు పైకప్పు లేచిపోతుంది. అందుకని ప్లేటు చెయ్యకముందే, కంప్యూటర్లోనే, లేతరంగుని ముదురు రంగు కిందికి ఓ వెంట్రుకవాసి జరిపి ఉంచుతారు. తర్వాత కాగితం ఎటు జరిగినా తెలుపు బయటపడదు. చదువుకున్నవాళ్ళు దీన్ని ట్రాపింగ్ అంటారు. ఈ ప్రెస్సులో మాత్రం తినిపించడమే. ఎప్పుడూ లేతరంగే జరగాలి. ముదురుని కదిపితే బొమ్మ ఆకారమే మారిపోతుంది.

అంటే మాస్టారి ఉద్యోగం, ఇంకా జరగని తప్పుని ముందుగానే కప్పిపెట్టడం. ఇరవయ్యేడేళ్ళుగా అదే పని. బాగా చేస్తే ఎవరికీ తెలియదు. ఎవరికైనా తెలిసిందంటే బాగా చెయ్యలేదన్నమాట. "నా పనితనం చూడండి అనడానికి కూడా లేదు, చూస్తే కనపడకూడదు కదా" అని ఆయన తెగ బాధపడిపోతూ నవ్వేవాడు.

ఈ విద్యని ప్రెస్సులోనే వదిలేసి ఇంటికొస్తే ఏ గొడవా లేకపోను. తొమ్మిదింటికి ఎక్కడికైనా బయల్దేరాలంటే భార్యకి ఎనిమిదిన్నర అని చెప్పేవాడు. ఆ సంగతి ఆవిడకి పెళ్ళైన ఏడాదికే తెలిసిపోయింది కాబట్టి తొమ్మిదింబావుకి తయారయ్యేది. ఆవిడకి తెలిసిందని ఆయనకి తెలిసి ఎనిమిదనడం మొదలుపెట్టాడు. ఆవిడ తొమ్మిదిన్నరకి మారింది. ఇద్దరూ ఒకరి తప్పుని ఒకరు ముందే సర్దేసుకుంటూ, జీవితంలో ఒక్క రైలు కూడా హాయిగా ఎక్కలేదు.

అయితే మాస్టారు అన్నిటికంటే శ్రద్ధగా కప్పిపెట్టింది కూతురి సంగతి. ఆ పిల్ల రెండేళ్ళ కిందట బ్యాంకు ఉద్యోగం మానేసి బొమ్మలేసుకుంటానంది. మానేసింది కూడా. మాస్టారు ఒక్కమాట అనలేదు. అనకపోవడమే గొప్ప అనుకున్నాడు. చుట్టాలకి మాత్రం "లీవులో ఉంది" అని చెప్పాడు. మొదట ఆరోగ్యం అన్నాడు, తర్వాత ఏదో ట్రైనింగన్నాడు, ఆ తర్వాత ఉత్త లీవే మిగిలింది. నెలనెలా ఫోన్‌చేసే అక్కగారు, "ఇంకా లీవేనా? ఏ బ్యాంకురా అది, నాకూ అందులో ఓ ఉద్యోగం చూడు" అని దెప్పేది. ఒకరోజు అలా ఫోన్లో లీవు పొడిగిస్తుండగా వెనక గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. మర్నెల్లోనే ఊరికి ఆ చివర ఓ గది తీసుకుని వెళ్ళిపోయింది. ఆదివారాలు వస్తుంది, అన్నం తింటుంది.

"ఏం వేస్తున్నావమ్మా?"

"బొమ్మలు."

"బాగున్నాయా?"

"బాగున్నాయి."

అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ళ మాటలు ఇంతే. గాలి బొత్తిగా లేకపోతే ఎండల గురించి కూడా కాసేపు మాట్లాడుకునేవాళ్ళు.

అలాంటిది ఓ ఆదివారం ఆ పిల్ల అన్నం తిని లేస్తూ అంది, "నాన్నా, నా పుస్తకం వస్తోంది. చిన్నపిల్లలది. మాటలుండవు, అన్నీ బొమ్మలే. ఎక్కడ వేయించినా ఫర్వాలేదన్నారు పబ్లిషరుగారు. మీ ప్రెస్సులో వేయిస్తావా?"

రెండేళ్ళలో కూతురు తనని అడిగిన మొదటి సాయం అది. "వేయించడమేంటి, నేనే దగ్గరుండి చేస్తా. ఒక్కచోట తెల్లగీత కనపడితే నన్నడుగు!" అన్నాడు. ఆ మాటకి పిల్ల ఏదో చెప్పబోయి ఆగిపోయింది. మాస్టారు అది చూశాడు కూడా. చూసి, సంతోషంతో పాపం నోట మాట రావడం లేదు కాబోలని సర్దిచెప్పుకున్నాడు.

ఈ పుస్తకం బాగా వస్తే పిల్ల మళ్ళీ తనతో మనసువిప్పి మాట్లాడుతుంది. ఆయన ఆశ అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

ఫైలు తెరిచాడు. ఇరవయ్యెనిమిది బొమ్మలు, పేజీకొకటి. ప్రతిదాంట్లోనూ పసుపు చొక్కా వేసుకున్న ఓ పెద్దమనిషి, పక్కనే ముదురు నీలం గౌనులో ఓ చిన్నపిల్ల. ఓచోట బల్లమీద కూచున్నారు, ఓచోట బస్సులో, ఓచోట వానలో ఒకే గొడుగు కింద. ఇదంతా మాస్టారు చూశాడనుకోకండి. ఆయన బొమ్మలు చూడటం మానేసి చాలా ఏళ్ళైంది, అంచులే చూస్తాడు. అంచులు చూడగానే కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పసుపుకీ నీలానికీ మధ్య తెలుపు. కాగితం జరిగితే వచ్చే తెలుపు కాదు, ఫైల్లోనే ఉంది. ఓ పేజీలో బియ్యపుగింజంత, పక్క పేజీలో దారమంత, ఆ కిందదాంట్లో మళ్ళీ పెన్సిలు గీతంత.

అన్నింట్లో ఒకే మందం ఉంటే ఇప్పటి పిల్లల ఫ్యాషను ఇదేమోలే అని ఊరుకునేవాడు. ఒక్కోచోట ఒక్కోలా ఉందంటే చెయ్యి కుదరలేదన్నమాటేగా! ఇక్కడో చిన్న సంగతి ఉంది. ప్రెస్సులో పేజీలు వరసలో ఉండవు. పెద్ద షీటుమీద మొదటి పేజీ పక్కన ఆఖరి పేజీ ఉంటుంది, దాని నెత్తిమీద పద్నాలుగో పేజీ తలకిందులుగా ఉంటుంది. షీటు మడిచి కోస్తేగాని వరస కుదరదు. మాస్టారు పుస్తకాన్ని ఎప్పుడూ అలా ముక్కచెక్కలుగానే చూస్తాడు. ముందునుంచి వెనక్కి ఒక పుస్తకం తిరగేసి ఎన్నేళ్ళైందో అడిగితే చెప్పలేడు.

పిల్లకి చెప్తే మనసు కష్టపెట్టుకుంటుందేమోనని చెప్పలేదు. ప్రూఫు ఉన్నదున్నట్టే తీసి పంపాడు. ఆ పిల్ల అన్ని పేజీలూ చూసి సంతకం పెట్టి పంపింది. సంతకమయ్యాక ఫైలు ముట్టుకోకూడదని ప్రెస్సు గేటు దగ్గర కూచునే మనిషిక్కూడా తెలుసు. మాస్టారు మర్నాడే ముట్టుకున్నాడు.

మూడు రోజులు పట్టింది. లేతరంగే జరగాలి కాబట్టి పసుపు చొక్కా పెద్దమనిషినే సాగదీశాడు. ఓచోట భుజం, ఓచోట మోచెయ్యి, ఎక్కువచోట్ల పొట్ట. "ఏం తింటున్నావయ్యా బాబూ, ఇలా ఊరిపోతున్నావు" అని మధ్యమధ్యలో ఆయనతో పరాచికాలు కూడా ఆడాడు. ఆఖరి గీత కూడా మూసేసి, కుర్చీలో వెనక్కి వాలి, కూతురికి తను చేసిన మేలు కూతురికి కూడా ఎప్పటికీ తెలియదు కదా అని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తనమీద తనకి అంత జాలి ఎప్పుడూ కలగలేదు.

మెషీను నడిపేది ఆయనతోపాటే ఈ ప్రెస్సులో చేరిన మనిషి. అందరూ మెషీనాయన అంటారు. మొదటి షీటు బయటికి రాగానే ఆయన దాన్ని ప్రూఫు పక్కన పెట్టి పిలిచాడు.

"ఏమయ్యా, ప్రూఫులో గీత ఉంది, ఇందులో లేదేం?"

"మా అమ్మాయే మార్చమంది. ఆఖరి నిమిషంలో."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే మాస్టారికే ఆశ్చర్యమేసింది.

"మరి ప్రూఫు మీద రాయలేదే?"

"ఇంట్లో పిల్లేగా, నోటిమాటే."

మెషీనాయన ఓసారి షీటు చూసి, ఓసారి మాస్టారిని చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. "పోలికలు మాత్రం భలే పట్టింది" అన్నాడు.

"అవును, ప్రూఫుకీ దీనికీ రంగు అచ్చుగుద్దినట్టుంది" అన్నాడు మాస్టారు. మెషీనాయన ఇంకొంచెం నవ్వి మెషీను నడిపేశాడు.

శనివారం సాయంత్రానికి షీట్లన్నీ అచ్చయిపోయాయి. సోమవారం పొద్దున్నే మడతకీ బైండింగుకీ వెళ్ళాలి. మాస్టారు ఒక సెట్టు చేత్తోనే మడిచి, స్కేలు పెట్టి కోసి, రెండు పిన్నులు కొట్టి ఆదివారం కూతురి ముందు పెట్టాడు. భార్య కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

కూతురు మొదటి పేజీ తిప్పింది. రెండోది తిప్పింది. మూడోదాని దగ్గర ఆగి, బొటనవేలితో మిగతా పేజీలన్నీ జరజరా వదిలి చూసింది. మొహంలో రంగు పోయింది. రంగుల మనిషి కదా, మాస్టారు అది మాత్రం చటుక్కున పసిగట్టాడు.

"నాన్నా, గీత ఏది?"

"మూసేశా!" అన్నాడు మాస్టారు. దాచుకుందామనుకున్న రహస్యం పొంగి బయటపడింది. "మూడు రోజులు పట్టింది. ఒక్కచోట ఉందేమో చూపించు చూద్దాం! పబ్లిషరుగారి కంట పడితే ఏమనుకునేవారు? ఎవరికీ చెప్పలేదులే, నీ పేరు పోకుండా..."

"ఆ గీత నేనే పెట్టాను నాన్నా."

"నువ్వు పెట్టడమేంటి?"

ఆ పిల్ల సంచిలోంచి, తన దగ్గరుంచుకున్న ప్రూఫు రెండో కాపీ కాగితాలు తీసింది. మొదటినుంచి వరసగా ఒక్కొక్కటే తండ్రి ముందు పెట్టింది. ఆ పుస్తకాన్ని మాస్టారు వరసలో చూడటం అదే మొదటిసారి. మొదటి పేజీలో ఇద్దరి మధ్యా బియ్యపుగింజంత తెలుపు. తర్వాతదాంట్లో ఓ పిసరు తక్కువ. బల్లమీద ఇంకాస్త తక్కువ. బస్సులో పెన్సిలు గీతంత. గొడుగు కిందికి వచ్చేసరికి దారమంత.

"కథ అదే నాన్నా" అంది. "ఇద్దరూ దగ్గరవుతారు. అంతకుమించి ఈ పుస్తకంలో ఏమీ లేదు. నువ్వు మొదటి పేజీలోనే అతికించేశావు."

మాస్టారు కాగితాలమీదికి వంగాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇంతకీ ఈ పెద్దాయన ఎవరు? తాతగారా?" అన్నాడు.

"అద్దం తెచ్చివ్వనా?" అంది భార్య.

మాస్టారు చూశాడు. ఈసారి అంచులు కాదు, బొమ్మ చూశాడు. బట్టతల. బట్టతల మీదికి నెట్టిన కళ్ళజోడు. మెడలో తాడుకి వేలాడే చిన్న భూతద్దం. చొక్కా ఎడమపక్క ప్యాంటులోకి దోపి, కుడిపక్క బయటికి వదిలేసి ఉంది. మాస్టారు చెయ్యి తనంతట తానే తన చొక్కా కుడిపక్కకి వెళ్ళింది. బయటే ఉంది. పేజీపేజీలోనూ ఆ పెద్దమనిషి భూతద్దం పెట్టి దేన్నో ఒకదాన్ని చూస్తున్నాడు. ఆకుని చూస్తున్నాడు, బొత్తాన్ని చూస్తున్నాడు, బస్సు టికెట్టుని చూస్తున్నాడు. పక్కనున్న పిల్ల ఆయన్ని చూస్తోంది.

మూడు రోజులు తన పొట్టని తనే సాగదీసుకుని, ఎవడో అనుకుని తననే వెక్కిరించాడన్నమాట. తనని తాను వెక్కిరించుకోవడంలో ఆరితేరినవాణ్ణనుకునేవాడు గానీ, ఇంత దూరం వస్తాననుకోలేదు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు నీరసంగా.

"చెప్తే సర్దేస్తావని చెప్పలేదు. చెప్పకపోయినా సర్దేశావు." కూతురు కాగితాలు సంచిలో పెట్టుకుంది. "అత్తతో రెండేళ్ళనుంచి లీవంటున్నావు కదా నాన్నా. అదీ ఇదీ ఒకటే." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "పోనీలే. ఇలాగే బైండింగుకి పంపించెయ్. ఎవరికీ తెలియదు."

కోప్పడినా బాగుండేది. ఇరవయ్యేడేళ్ళుగా తను గొప్పగా చెప్పుకునే మాట ఆ పిల్ల నోటినుంచి అంత చప్పగా వచ్చేసరికి మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. భార్య ఆ సాగిన పొట్టల పుస్తకం తీసి ఒకసారి తిరగేసి, "పిల్ల ఎంత బాగా వేసిందండీ" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున బస్సులో మాస్టారు ప్రెస్సు ఓనరమ్మతో ఏం చెప్పాలో తయారుచేసుకున్నాడు. మొదటి స్టాపుకి, ప్లేటు మీద ఏదో తేడా వచ్చిందని చెబుదామనుకున్నాడు. మూడో స్టాపుకి, కంప్యూటరు దానంతటదే మార్చేసిందన్నాడు. ఆరో స్టాపుకి, అమ్మాయీ తనూ ఒకరినొకరు సరిగ్గా అర్థం చేసుకోలేదన్నాడు. ఇది కాస్త నిజమే కాబట్టి చాలా నచ్చింది. అయితే ప్రతి మాటకీ అంచున ఓ వెంట్రుకవాసి అబద్ధం అంటించి ఉంది. ఎంత గీకినా అది పోలేదు. దిగాల్సిన చోటు దాటిపోయింది కూడా, ఓ స్టాపు వెనక్కి నడిచాడు.

ఓనరమ్మ గదిలో మెషీనాయన కూడా ఉన్నాడు. మాస్టారు నిలబడే చెప్పాడు.

"అమ్మా, ఆ పిల్లల పుస్తకం బైండింగు ఆపించండి. సంతకమయ్యాక ఫైలు మార్చాను."

ఓనరమ్మ కళ్ళజోడు తీసింది. "ఎవరు మార్చమన్నారు?"

"ఎవరూ మార్చమనలేదు."

"మీ అమ్మాయి చెప్పిందన్నావుగా?" అన్నాడు మెషీనాయన.

"చెప్పలేదు. నీతో అబద్ధమాడాను."

మెషీనాయన మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఎన్నోసార్లు తిట్టుకున్నారుగానీ ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఓనరమ్మ కాసేపు బల్లమీద వేళ్ళతో తాళం వేస్తూ కూచుంది. తర్వాత గొంతు తగ్గించి, "పబ్లిషరుగారికి ప్లేటు పాడైందని రాద్దామా మాస్టారూ? మళ్ళీ వేసిద్దాం. మీ మాటా పోదు, ప్రెస్సు మాటా పోదు" అంది. మంచిదే ఆవిడ. బస్సులో మొదటి స్టాపుకి తను అల్లిన కథనే ఆవిడ ఉతికి మడతపెట్టి చేతికిస్తోంది.

తీసుకోవాలని మాస్టారికి ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం. సరేనన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"వద్దమ్మా. నేను మార్చానని రాయండి. అమ్మాయి తప్పు లేదు, మెషీను తప్పు లేదు. నేను మార్చాను."

ఓనరమ్మ అలాగే రాసింది. రాసి, ఇకనుంచి మాస్టారి ఏ ప్లేటూ మెషీనాయన సంతకం లేకుండా బయటికి రాకూడదంది. ఇరవయ్యేడేళ్ళ తర్వాత ఆయన పనికి ఇంకొకరి సంతకం కావాలన్నమాట. వరండాలోకి వచ్చాక మెషీనాయన అడిగాడు, "నాతో ఎందుకయ్యా అబద్ధం? నిజం చెప్తే వద్దనేవాణ్ణిగా."

"అందుకే చెప్పలేదు."

"ఛీ" అన్నాడు మెషీనాయన. కాస్త ఆగి, "టీ తాగుదాం పద" అన్నాడు.

మాస్టారు కూతురికి ఫోన్‌చేశాడు. "రేపు మళ్ళీ వేస్తున్నాం. నువ్వొచ్చి పక్కన కూచో. నేనేం ముట్టుకున్నా అడుగు" అన్నాడు. "ఎన్నింటికి?" అంది. "తొమ్మిదింటికి" అన్నాడు. తొమ్మిదింటికే రమ్మనాలనుకుని తొమ్మిదన్నాడు.

మంగళవారం ఆ పిల్ల వచ్చింది. మాస్టారు పాత ఫైలు తెరిచాడు. ఒక్కో పేజీ చూపిస్తూ, ఏమీ ముట్టుకోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. నిజం చెప్పాలంటే ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని కూచున్నాడు. ఆఖరి బొమ్మ దగ్గరికి వచ్చారు. ఇద్దరూ మెట్టుమీద కూచుని ఉన్నారు. పెద్దమనిషి భూతద్దం దించి పిల్లవైపు తిరిగాడు. భుజాలు ఆనుకుని ఉన్నాయి.

"ఇందులో కలిశారు" అన్నాడు మాస్టారు.

"పెద్దది చెయ్యి" అంది కూతురు.

చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. తెరనిండా ఓ పక్క పసుపు, ఓ పక్క నీలం. మధ్యలో సన్నగా తెలుపు. ఉందా లేదా అన్నట్టుంది. మొన్న ఆ తెలుపునీ మూసే ఉంటాడు, మిగతావాటి హడావిడిలో ఏది మూశాడో గుర్తులేదు.

"ఇంత సన్నది మెషీను మీద నిలవదమ్మా" అన్నాడు. ఈసారి ఆయన వెక్కిరింతగా మాట్లాడలేదు, పని తెలిసినవాడిలా మాట్లాడాడు. "కాగితం ఇటు జరిగితే ఇద్దరూ కలిసిపోతారు. అటు జరిగితే దూరమైపోతారు. ఒక్కో కాపీలో ఒక్కోలా వస్తుంది."

"రానీ."

"రానీ అంటే ఎలా? పుస్తకం కొనుక్కున్న పిల్లలు..."

"ఒకరింట్లో కలుస్తారు నాన్నా. ఇంకొకరింట్లో కలవరు. తెలిసే అంత సన్నగా వదిలాను. నీ కూతుర్ని, నాకా మాత్రం తెలియదా?"

మాస్టారు తెరవంక చూస్తూ ఉండిపోయాడు. ఈ పిల్లకి పని తెలుసు. తనకంటే బాగా తెలుసు. కాగితం జరుగుతుందని తను భయపడుతూ బతికాడు. ఆ జరగడాన్నే ఈ పిల్ల తన బొమ్మలో పెట్టుకుంది. ఆయనకి గర్వం కలిగింది. దాని వెంటే ఏడుపొచ్చింది.

"అత్తతో లీవని ఎందుకన్నానంటే, సిగ్గేసింది" అన్నాడు. "నిన్ను చూసి కాదు, జనం ఏమంటారోనని..." అని ఆగాడు. కళ్ళజోడు నెత్తిమీదికి నెట్టుకున్నాడు. "కాదు. నిన్ను చూసే. నువ్వు చేసిన పనికే సిగ్గేసింది నాకు."

కూతురు తెరమీంచి తండ్రివైపు తిరిగింది. "తెలుసు" అంది. "అయినా నీ నోటితో వింటే ఎక్కువ నొప్పిగా ఉంది."

మాస్టారు వెంటనే ఏదైనా మంచిమాట అంటించబోయి నోరు మూసుకున్నాడు.

"ఇలాగే చెప్పు నాన్నా" అంది ఆ పిల్ల. "నొప్పిగా ఉన్నా ఇలాగే చెప్పు."

ప్లేట్లమీద మెషీనాయన సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ఆఖరి బొమ్మ ఉన్న షీటు మెషీను ఎక్కింది. తండ్రీకూతుళ్ళిద్దరూ షీట్లు బయటికొచ్చే చోట నిలబడ్డారు. మాస్టారు ఒక షీటు లాగి, ఆ బొమ్మ ఉన్న మూలన భూతద్దం ఆనించి చూశాడు.

"కలవలేదు" అన్నాడు.

"తర్వాతది చూడు" అంది కూతురు.